ఆంగ్ల పదబంధక్రియల జెరండ్ రూపాలు: తెలుగు క్రియానామంతో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆంగ్లంలో క్రియ, పార్టికల్ కలిసి ఏర్పడే పదబంధక్రియలు 'ఇంగ్' ప్రత్యయంతో నామస్థానంలోకి వచ్చినప్పుడు ఎలా ప్రవర్తిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు మాతృభాషగా గలవారు ఈ రూపాల్లో చేసే ప్రధానమైన దోషం నియమం తెలియకపోవడంవల్ల గాక, తెలుగులోని 'డానికి' రూపం రెండు వేర్వేరు ఆంగ్ల నిర్మాణాలకు ఉమ్మడి కావడంవల్ల కలుగుతున్నదని ప్రతిపాదిస్తుంది. ఆంగ్లంలో కలిసిపోయిన మరొక భేదాన్ని తెలుగు రూపాలే విడదీసి చూపగలవని ఉదాహరణలతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పదబంధక్రియ, జెరండ్, క్రియానామం, తుమున్నర్థకం, పార్టికల్, వ్యతిరేకి వ్యాకరణం

1. ఉపోద్ఘాతం

'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' అనే వాక్యం తెలుగువారు ఆంగ్లంలో రాసే ఉత్తరాల్లో, దరఖాస్తుల్లో తరచుగా కనిపిస్తుంది. సాధురూపం 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు'. ఈ తప్పు చేసేవారు వ్యాకరణం చదవనివారు కారు. చాలా సందర్భాల్లో బాగా చదివినవారే. 'టు' తరువాత క్రియ మొదటి రూపం, అంటే పాఠశాల పరిభాషలో 'వి వన్', రావాలన్న సూత్రాన్ని వారు కంఠస్థం చేసి ఉంటారు. ఆ సూత్రాన్ని పాటించినందువల్లనే వాక్యం తప్పయింది. సూత్రం తెలిసినవారిచేత కూడా తప్పు చేయించే చోటు ఏ భాషలోనైనా పరిశీలించదగినదే.

పదబంధక్రియలు పరభాషీయులకు కష్టమన్న విషయం కొత్తది కాదు. సామ్యుయెల్ జాన్సన్ 1755లో వెలువరించిన ఆంగ్ల నిఘంటువు పీఠికలోనే, క్రియ వెనుక చిన్న పదాన్ని చేర్చి అర్థాన్ని మార్చే పద్ధతి ఆంగ్లంలో విస్తారంగా ఉన్నదనీ, విదేశీయులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదేననీ పేర్కొన్నాడు. అయితే ఈ క్రియలకు 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు చాలా కాలం తరువాత స్థిరపడింది. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925 నాటి తన గ్రంథంలో ఆ పేరును వాడుతూ, దానిని సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ రచించిన సమగ్ర వ్యాకరణం వీటిని మూడుగా విభజించింది: 'గివ్ అప్' వంటి శుద్ధ పదబంధక్రియలు, 'లుక్ ఆఫ్టర్' వంటి ప్రిపోజిషన్ క్రియలు, 'లుక్ ఫార్వర్డ్ టు' వలె పార్టికల్, ప్రిపోజిషన్ రెండూ గలవి. బోధనలో మూడింటినీ ఒకే పేరుతో పిలవడం అలవాటు. ఈ వ్యాసంలోనూ 'పదబంధక్రియ' అనే మాట ఆ విశాలార్థంలోనే వాడబడింది. భేదం అవసరమైన చోట విడిగా చెప్పబడింది.

లిపి విషయంలో ఒక సూచన. సంబంధార్థక ప్రిపోజిషన్‌నూ, 'పుట్ ఆఫ్' లోని పార్టికల్‌నూ తెలుగులో సాధారణంగా ఒకే విధంగా 'ఆఫ్' అని రాస్తారు. ఉచ్చారణలో అవి ఒకటి కావు. ఇక్కడ మొదటిది 'ఆవ్' అనీ, రెండవది 'ఆఫ్' అనీ వేరుచేయబడ్డాయి.

2. ప్రత్యయం చేరే చోటు

పదబంధక్రియ అర్థంలో ఒకే పదం; నిర్మాణంలో రెండు పదాలు. జెరండ్ ఏర్పడేటప్పుడు నిర్మాణానిదే పైచేయి. 'ఇంగ్' ప్రత్యయం మొత్తం బంధం చివర చేరదు, క్రియకు మాత్రమే చేరుతుంది. అందువల్ల అర్థదృష్ట్యా అఖండమైన పదం మధ్యలో ప్రత్యయం నిలుస్తుంది: 'గివింగ్ అప్', 'పుటింగ్ ఆఫ్', 'స్టేయింగ్ అప్'.

తెలుగులో దీనికి దగ్గరగా ఉన్నవి 'మానేయు', 'పారేయు', 'పారిపోవు', 'వదిలిపెట్టు' వంటి సంయుక్తక్రియలు. 'తిను' అనే క్రియకూ 'తినేయు' అనే క్రియకూ ఉన్న తేడా ఆంగ్లంలో 'ఈట్', 'ఈట్ అప్' అనే రూపాల మధ్య తేడాను చాలావరకు పోలి ఉంటుంది. రెండు చోట్లా అదనపు భాగం పని పూర్తయిందని తెలుపుతుంది. కాని తెలుగులో అదనపు భాగం కూడా క్రియే కాబట్టి, అది చివర ఉంటుంది కాబట్టి, 'డం' ప్రత్యయం దానికే చేరుతుంది: మానేయడం, పారిపోవడం, వదిలిపెట్టడం. ఈ భేదం వల్ల తెలుగువారికి పెద్దగా ఇబ్బంది కలగదు. ఇబ్బంది మరొక చోట ఉంది.

3. 'టు' అనే కూడలి

ఆంగ్లంలో 'టు' అనే రూపం రెండు పనులు చేస్తుంది. ఒకటి, తుమున్నర్థక క్రియకు గుర్తుగా ఉండడం: 'వాంట్ టు గో'. రెండవది, ప్రిపోజిషన్‌గా నామానికి ముందు నిలవడం: 'గో టు వారంగల్'. ప్రిపోజిషన్ తరువాత నామం గాని, నామంగా మారిన క్రియ గాని రావాలి. కాబట్టి 'లుక్ ఫార్వర్డ్ టు', 'గెట్ రౌండ్ టు', 'ఫేస్ అప్ టు', 'ఓన్ అప్ టు' వంటి బంధాల్లోని 'టు' తరువాత జెరండ్ తప్పనిసరి. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. కాని ఏ 'టు' ఏదో విద్యార్థికి ఎందుకు తెలియడం లేదన్న ప్రశ్నకు వాటిలో సమాధానం దొరకదు.

సమాధానం తెలుగులో ఉంది. కింది రెండు వాక్యాలను గమనించాలి.

పరీక్ష రాయడానికి వచ్చాడు.
రాత్రిళ్లు మేల్కొని ఉండడానికి అలవాటు పడ్డాడు.

మొదటిదానికి ఆంగ్లం 'హి కేమ్ టు రైట్ ది ఎగ్జామ్'. రెండవదానికి 'హి గాట్ యూజ్డ్ టు స్టేయింగ్ అప్ లేట్'. ఆంగ్లంలో ఒకటి తుమున్నర్థకం, ఒకటి జెరండ్. తెలుగులో రెండూ ఒకే రూపం: క్రియానామమైన 'డం', దానికి చేరిన 'కి' విభక్తి. తెలుగు మాట్లాడేవాడికి ఈ రెండు వాక్యాల్లోని 'డానికి' రెండుగా తోచదు. తోచనివాడు ఆంగ్లంలోకి వెళ్లినప్పుడు రెండింటికీ 'టు'తో కూడిన ఒకే రూపాన్ని ఎంచుకోవడం సహజం. ఎంచుకునేటప్పుడు బడిలో విన్న 'వి వన్' సూత్రం తుమున్నర్థకం వైపే మొగ్గేలా చేస్తుంది. 'సమావేశాన్ని వాయిదా వేయడానికి సభ్యులు అభ్యంతరం చెప్పారు' అన్న వాక్యం 'అబ్జెక్టెడ్ టు పుట్ ఆఫ్ ది మీటింగ్' అని తప్పుగా మారేది ఇలాగే. అక్కడ ఉండవలసినది 'టు పుటింగ్ ఆఫ్'.

ఈ ప్రతిపాదన సరైనదైతే దాని నుంచి ఒక ఊహ వెలువడుతుంది. తెలుగులో 'డానికి' రాని చోట ఈ దోషం తక్కువగా ఉండాలి. 'హి ఓన్డ్ అప్ టు కాపీయింగ్ ది చాప్టర్' అన్నదానికి తెలుగు 'ఆ అధ్యాయాన్ని నకలు చేసినట్లు ఒప్పుకున్నాడు'. ఇక్కడ 'చేసినట్లు' అనే రూపం వచ్చింది; 'చేయడానికి ఒప్పుకున్నాడు' అంటే అర్థమే మారిపోతుంది, చేయబోయే పనికి అంగీకారం తెలుపుతుంది. అందుచేత 'లుక్ ఫార్వర్డ్ టు' దగ్గర తడబడే విద్యార్థి 'ఓన్ అప్ టు' దగ్గర అంతగా తడబడకూడదు. డిగ్రీ తరగతుల్లో చిన్న అనువాద అభ్యాసంతో దీనిని పరీక్షించవచ్చు. ఫలితం మరోలా వస్తే 'డానికి' ఒక్కదానిమీదే భారం మోపడం తగదని తేలుతుంది. 'వి వన్' సూత్రం బలాన్ని అప్పుడు విడిగా అంచనా వేయవలసి ఉంటుంది.

తెలుగు ఎప్పుడూ ఇలాగే లేదు. గ్రాంథిక భాషలో 'చూడ వచ్చితిని' అంటే 'చూచుటకై వచ్చితిని' అని అర్థం. అక్కడ 'చూడన్' అనేది తుమున్నర్థక రూపం, 'చూచుట' అనేది భావార్థకం. 'చూచుటకు అలవాటుపడితిని' అనవలసిన చోట 'చూడన్' సహజంగా ఇమడదు. అంటే ఆంగ్లంలోని భేదానికి దగ్గరగా ఉన్న భేదం పాత తెలుగులో కనిపిస్తుంది. నేటి వ్యవహారంలో తుమున్నర్థక రూపం 'చేయదలచాడు', 'చూడబోయాడు', 'రాయసాగింది' వంటి బంధాల్లో మిగిలింది. స్వతంత్రంగా ప్రయోజనాన్ని తెలిపే పనిని ఎక్కువగా 'డానికి' తీసుకున్నది. ఇప్పుడు 'చూడవచ్చు' అంటే అనుమతి, సంభావ్యత స్ఫురిస్తాయి గాని ఎవరో రావడం స్ఫురించదు. తెలుగు అధ్యాపకులు పద్యపాఠంలో చెప్పే తుమున్నర్థకం ఆంగ్ల తరగతికి ఇంత దగ్గరి చుట్టమని విద్యార్థులకు ఎవరూ చెప్పకపోవడం చిత్రం.

ఆంగ్ల చరిత్ర ఇంకా చిత్రమైనది. ప్రాచీన ఆంగ్లంలో 'టు' తరువాత వచ్చే తుమున్నర్థక రూపం 'అన్నె', 'ఎన్నె' అంతంగా ఉండేది. దానిని క్రియానామానికి చతుర్థీ విభక్తి చేరిన రూపంగా వ్యాకర్తలు సంప్రదాయంగా వివరిస్తారు. అంటే నేటి 'టు రైట్' ఒకప్పుడు నిర్మాణరీత్యా 'రాయడానికి' వంటిదే. విభక్తి ప్రత్యయాలు అరిగిపోయాక 'టు' ఒట్టి గుర్తుగా మిగిలింది. నామం ముందు నిలిచే 'టు' మాత్రం ప్రిపోజిషన్‌గానే ఉండిపోయింది. రూపం ఒకటే, దారులు రెండయ్యాయి.

తరగతిలో ఈ రెండు దారులను వేరుచేయడానికి తెలుగు అనువాదం పనికిరాదు. 'దానికి అలవాటు పడ్డాడు' ఎంత సహజమో, 'దానికే వచ్చాడు' కూడా దాదాపు అంతే సహజం. పరీక్ష ఆంగ్లంలోనే జరగాలి. క్రియ స్థానంలో 'ఇట్' అనే సర్వనామాన్ని ఉంచి చూడాలి. 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్' సాధువు. కాబట్టి అక్కడ జెరండ్ రావాలి. 'ఐ వాంట్ టు ఇట్' అసాధువు. కాబట్టి అక్కడ మొదటి రూపం రావాలి. 'యూజ్డ్ టు' విషయంలోనూ ఈ పరీక్షే చాలు. 'హి గాట్ యూజ్డ్ టు ఇట్' నిలుస్తుంది. 'మేల్కొని ఉండేవాడు' అనే అర్థంలోని 'హి యూజ్డ్ టు స్టే అప్' లో 'ఇట్' నిలవదు.

4. ఒకే 'ఇంగ్', రెండు మూలాలు

పై విభాగంలో తెలుగు కలిపేసినదాన్ని ఆంగ్లం విడదీసింది. దీనికి విపర్యయం కూడా ఉంది. ప్రాచీన ఆంగ్లంలో క్రియానామానికి 'ఉంగ్', 'ఇంగ్' అనే ప్రత్యయాలు, వర్తమాన క్రియావిశేషణ రూపానికి 'ఎండె' అనే ప్రత్యయం వేరువేరుగా ఉండేవి. మధ్యయుగ ఆంగ్లంలో 'ఎండె' క్రమంగా తొలగిపోయి, రెండు పనులూ 'ఇంగ్' మీదనే పడ్డాయి. తెలుగులో ఈ రెండూ ఇప్పటికీ వేర్వేరు: 'చేయడం', 'చేస్తూ'.

పదబంధక్రియల తరువాత వచ్చే 'ఇంగ్' రూపాలను జాబితాగా ఇవ్వడం వ్యాకరణ పుస్తకాల అలవాటు: 'గివ్ అప్', 'పుట్ ఆఫ్', 'టేక్ అప్', 'కీప్ ఆన్', 'క్యారీ ఆన్', 'ఎండ్ అప్', 'బర్స్ట్ అవుట్'. జాబితాలో అన్నీ సమానంగా కనిపిస్తాయి. తెలుగులోకి తెస్తే సమానం కాదని తెలుస్తుంది. 'హి గేవ్ అప్ టీచింగ్' అంటే 'బోధించడం మానేశాడు'. 'హి కెప్ట్ ఆన్ టీచింగ్' అంటే 'బోధిస్తూనే ఉన్నాడు'. 'షి బర్స్ట్ అవుట్ లాఫింగ్' అంటే 'పగలబడి నవ్వింది'. మొదటి వాక్యంలో 'డం' వచ్చింది. మిగిలిన రెండింటిలో 'డం' పెట్టడానికి ఎంత ప్రయత్నించినా వాక్యం కుదరదు.

ఆంగ్ల పరీక్షలు కూడా ఇదే చెబుతాయి. 'గేవ్ ఇట్ అప్' సాధువు. 'టీచింగ్ వాజ్ గివెన్ అప్' అనే కర్మణి వాక్యమూ కుదురుతుంది. 'టీచింగ్ వాజ్ కెప్ట్ ఆన్' అంటే ఆ అర్థంలో కుదరదు. అంటే 'గివ్ అప్' తరువాతిది నిజమైన నామం, 'కీప్ ఆన్' తరువాతిది నామం కాదు. హడల్‌స్టన్, పులమ్ 2002 నాటి కేంబ్రిడ్జ్ వ్యాకరణంలో ఈ చిక్కును మరోలా పరిష్కరించారు. ఆధునికాంగ్లంలో ఏ క్రియకూ ఈ రెండింటికి రూపభేదం లేదు గనుక, రెండింటినీ కలిపి 'జెరండ్ పార్టిసిపుల్' అనే ఒకే రూపంగా పరిగణించారు. ఆంగ్లాన్ని ఆంగ్లంగా వర్ణించేవారికి అది సమంజసమైన నిర్ణయం. తెలుగు నుంచి ఆంగ్లానికి వెళ్లే విద్యార్థికి మాత్రం పాత భేదమే ఉపయోగపడుతుంది. అతని మాతృభాష ఆ భేదాన్ని పాటిస్తున్నది. దానిని పక్కన పెట్టమనడంలో లాభం లేదు.

అర్థం పూర్తిగా మారిపోయే జంటలు కొన్ని ఉన్నాయి. 'షి వెంట్ ఆన్ టీచింగ్' అంటే ఆమె బోధిస్తూనే ఉంది. 'షి వెంట్ ఆన్ టు టీచ్ ఎట్ ఎ యూనివర్సిటీ' అంటే అంతకుముందు మరేదో చేసి, ఆ తరువాత విశ్వవిద్యాలయంలో బోధించింది. జీవిత చరిత్రలను, పరిచయ వ్యాసాలను అనువదించేవారు ఈ రెండవ నిర్మాణాన్ని 'కొనసాగించింది' అని తెనిగించి పొరబడే ప్రమాదం ఉంది. 'సెట్ అబౌట్ రైటింగ్', 'సెట్ అవుట్ టు రైట్' అనేవి కూడా ఇలాంటివే. మొదటిది పనిలోకి దిగడం, రెండవది సంకల్పించి బయలుదేరడం. 'అబౌట్' ఇక్కడ ప్రిపోజిషన్ గనుక జెరండ్‌ను కోరింది. 'అవుట్' పార్టికల్ గనుక దాని తరువాత తుమున్నర్థకానికి చోటు దొరికింది.

5. క్రియ వైపు, నామం వైపు

జెరండ్ అన్నిచోట్లా ఒకే మోతాదులో నామం కాదు. 'సెట్ అప్' అనే క్రియను తీసుకుంటే:

'సెటింగ్ అప్ ఎ కమిటీ'
'సెటింగ్ ఎ కమిటీ అప్'
'ది సెటింగ్ అప్ ఆవ్ ఎ కమిటీ'

మొదటి రెండింటిలో కర్మ నేరుగా వచ్చింది; పార్టికల్ కర్మకు ముందైనా వెనుకైనా ఉండవచ్చు. కర్మ సర్వనామమైతే పార్టికల్ వెనుకకే పోవాలి: 'సెటింగ్ ఇట్ అప్'. ఇవన్నీ క్రియాలక్షణాలు. మూడవదానిలో ముందు 'ది', వెనుక 'ఆవ్' చేరాయి. రూపం నామం వైపు జరిగింది. జరిగినప్పుడు పార్టికల్ స్వేచ్ఛ కోల్పోతుంది. 'ది సెటింగ్ ఆవ్ ఎ కమిటీ అప్' అనే వాక్యఖండం ఎవరూ అనరు. విశేషకం కూడా మారుతుంది: క్రియ వైపు ఉంటే 'హేస్టిలీ సెటింగ్ అప్ ఎ కమిటీ', నామం వైపు ఉంటే 'ది హేస్టీ సెటింగ్ అప్ ఆవ్ ఎ కమిటీ'. చామ్‌స్కీ 1970లో నామీకరణంపై రాసిన ప్రసిద్ధ వ్యాసం తరువాత ఈ రకాల మధ్య భేదం వాక్యనిర్మాణ సిద్ధాంతంలో పెద్ద చర్చనీయాంశమైంది.

తెలుగు 'డం' నామం వైపు ఇంత దూరం జరగదు. 'కమిటీని హడావుడిగా ఏర్పాటు చేయడం' అన్నప్పుడు ద్వితీయా విభక్తి, క్రియావిశేషణం రెండూ నిలిచే ఉంటాయి. నామం కావలసినప్పుడు తెలుగు 'డం'ను వదిలేసి 'కమిటీ ఏర్పాటు' అంటుంది. అందువల్ల 'ది సెటింగ్ అప్ ఆవ్' వంటి మధ్యేమార్గపు రూపానికి తెలుగు మనసులో సిద్ధమైన అచ్చు లేదు. దాని ఫలితమే 'ది సెటింగ్ అప్ ఎ కమిటీ' వంటి సగం సగం నిర్మాణాలు. 18వ శతాబ్దపు ఆంగ్లంలో ఇలాంటివి సాధువులుగానే చెల్లాయి; నేటి ప్రమాణభాషలో చెల్లవు. 'ది' ఉంటే 'ఆవ్' ఉండాలి, లేదా రెండూ ఉండకూడదు.

కర్త విషయంలో కూడా ఇదే కారణం పనిచేస్తుంది. తెలుగులో 'అతను వెనక్కి తగ్గడం అందరినీ ఆశ్చర్యపరిచింది' అన్నప్పుడు కర్త ప్రథమావిభక్తిలో ఉంటుంది. 'అతని' అనే షష్ఠి రావాలంటే 'అతని రాక', 'అతని నిర్ణయం' వంటి శుద్ధనామం కావాలి. ఆంగ్లంలో 'హిస్ బ్యాకింగ్ అవుట్' అన్నది శిష్టరచనకు తగినది. 'హిమ్ బ్యాకింగ్ అవుట్' వ్యవహారంలో సర్వసాధారణం. తెలుగు వాక్యాన్ని మాటకు మాటగా అనుసరించిన 'హి బ్యాకింగ్ అవుట్' మాత్రం ఆ వాక్యంలో రెండింటికీ చెందదు. షష్ఠి లేని ప్రయోగాన్ని ఫౌలర్ సోదరులు 1906లో తీవ్రంగా నిరసించారు. జెస్పర్సన్ దానిని చారిత్రక ప్రయోగాలతో సమర్థించాడు. వాడుక జెస్పర్సన్ పక్షాన నిలిచింది. పరిశోధన పత్రంలో షష్ఠిని పాటించడం ఇప్పటికీ క్షేమం.

6. పార్టికల్ ముందుకు దూకిన నామాలు

పదబంధక్రియ పూర్తిగా నామమైపోతే 'ఇంగ్' అవసరమే లేకపోవచ్చు. 'బ్రేకింగ్ డౌన్' జరుగుతున్న ప్రక్రియను చెబుతుంది. 'బ్రేక్‌డౌన్' జరిగిన ఘటనను చెబుతుంది. రెండవదానికి బహువచనం ఉంది, మొదటిదానికి లేదు. కొన్ని నామాల్లో పార్టికల్ ముందుకు వస్తుంది: 'అవుట్‌బ్రేక్', 'ఇన్‌టేక్', 'డౌన్‌ఫాల్'. 'ఇంగ్' నిలుపుకొని ముందుకు వచ్చినవి 'అప్‌బ్రింగింగ్', 'అవుట్‌పోరింగ్', 'అప్‌రైజింగ్'. ఇవి ఇష్టం వచ్చినట్లు తయారుచేసుకునేవి కావు. 'బ్రింగింగ్ అప్ చిల్డ్రన్' నుంచి 'అప్‌బ్రింగింగ్' వచ్చినట్లు 'గివింగ్ అప్' నుంచి 'అప్‌గివింగ్' రాదు. 'అప్‌బ్రింగింగ్' పక్కన కర్మను నేరుగా చేర్చడమూ కుదరదు. అది 'పెంపకం', 'పెంచడం' కాదు. తెలుగులో ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని చూపితే విద్యార్థికి ఆంగ్లభేదం వెంటనే అందుతుంది: 'పిల్లలను పెంచడం' అంటాం, 'పిల్లలను పెంపకం' అనం.

బహువచనం తీసుకునే 'ఇంగ్' రూపాలు కొద్దిగా ఉన్నాయి. నలుగురి చెవినీ పడని వ్యవహారాలను, వింత సంఘటనలను సూచించే 'గోయింగ్స్ ఆన్' వాటిలో ప్రసిద్ధమైనది. ఇక్కడ బహువచన ప్రత్యయం సైతం పార్టికల్‌ను దాటిపోలేదు. 'ఇంగ్' తరువాత, 'ఆన్'కు ముందు, బంధం నడుమనే ఆగిపోయింది.